కర్పూరం వెలిగించిన దొంగ

పుస్తకం పోయిన సంగతి బాలత్రిపురసుందరికి పదకొండూ పదికి తెలిసింది. పదకొండూ ఇరవైకల్లా ఆమె చిక్కడపల్లిలో రామక్క కిరాణా కొట్టు మీదున్న గదిలో నిలబడి ఉంది. మధ్యలోని పది నిమిషాలూ దారి పొడవునా తిట్టుకుంటూనే వచ్చింది. తిట్టదగినవాళ్ళ జాబితా చిన్నదేమీ కాదు. అందులో మొదటి పేరు తనదే.

గది కిరాయికి తీసింది తను. ముసలాయన్ని అందులో దింపింది తను. తాళంచెవి గుమ్మం పక్క మేకుకు తగిలించుకుంటే పోగొట్టుకోకుండా ఉంటారని సలహా చెప్పింది కూడా తనే. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళు, ఆ తరవాత జనం వంశవృక్షాలు తవ్వితీసే డిటెక్టివుగా పదకొండేళ్ళు పనిచేసిన మనిషి ఇవ్వాల్సిన సలహాయేనా అది?

ముసలాయన పేరు మొగిలయ్య. డెబ్బై ఎనిమిదేళ్ళు. గోడకు చేరగిలబడి, మూత తెరిచిన రేకు పెట్టె వంక చూస్తూ కూర్చున్నాడు. పెట్టెలో రెండు పంచెలు, చుట్టచుట్టిన పటం, ఒక మందుల డబ్బా ఉన్నాయి. వాటి కింద ఉండాల్సిన ఎర్ర గుడ్డ మూట లేదు.

"ఆరు తరాల సంది మా ఇంట్ల ఉన్నదమ్మా. నా చేతుల పోయింది" అన్నాడు. పోయిందని తెలిసినప్పటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదట.

త్రిపురకు ఆయన మీద జాలి, తన మీద ఒళ్ళుమంట ఒకేసారి వచ్చాయి. రేపు ఉదయం పదకొండింటికి విచారణ. దానికి ఈ పుస్తకం కావాలి. పుస్తకం లేకపోతే భాగ్యశ్రీ అనే పిల్ల ఆరేళ్ళ కష్టం గంగపాలు.

భాగ్యశ్రీ అశోక్‌నగర్ హాస్టల్లో ఆరేళ్ళు ఉండి చదివింది. ఒక గదిలో నలుగురు, మంచానికీ మంచానికీ మధ్య మోకాలు పట్టదు. నాలుగో ప్రయత్నంలో సర్కారు ఉద్యోగం వచ్చింది. ఇంకా ఆర్డరు చేతికి రాకముందే ఎవరో ఫిర్యాదు పెట్టారు. ఈ అమ్మాయి చెప్పుకునే కుటుంబం వేరు, సర్టిఫికెట్లలో ఉన్న కుటుంబం వేరు అని. ఫిర్యాదులో పస లేదు. కానీ కాగితాలు మాత్రం ఫిర్యాదుదారు పక్షానే సాక్ష్యం చెబుతున్నాయి. బడి సర్టిఫికెట్లో ఇంటిపేరు చిలువేరు. తండ్రి రేషన్ కార్డులో చిలివేరు. కులం సర్టిఫికెట్ టైపు చేసిన మహానుభావుడికి ఏం తోచిందో, సిల్వేరి. తాత నర్సయ్య పేరున్న పాత ఉర్దూ కాగితంలో చ అక్షరానికి మూడు చుక్కలు పెట్టాల్సిన చోట గుమాస్తా ఒక్కటే పెట్టి జ చేసి ఊరుకున్నాడు, దాంతో ఆయన జల్వేరు నర్సయ్యగా మిగిలిపోయాడు. నాలుగు కాగితాలు, నాలుగు ఇళ్ళు. ఇవన్నీ ఒకటేనని అఫిడవిట్ ఇస్తే, అఫిడవిట్ ఎవరైనా ఇస్తారమ్మా అన్నాడు విచారణ అధికారి. ఆ మాట అన్నందుకు ఆయన్ని తప్పుపట్టడానికి కూడా లేదు.

అప్పుడు త్రిపురకు మొగిలయ్య సంగతి తెలిసింది. నేతవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పటం విప్పి కథ చెప్పే వంశం ఆయనది. కథ చెప్పిన ప్రతి ఇంట్లోనూ పుట్టినవాళ్ళనూ పోయినవాళ్ళనూ ఎర్ర గుడ్డలో కట్టిన ఆ పుస్తకంలో రాసుకుంటారు. తాతకూ తండ్రికీ మనవరాలికీ ఒకే పేజీ, దాని నెత్తిన ఒకే ఇంటిపేరు. ఏ గుమాస్తా చెయ్యీ పడని సాక్ష్యం. ఆయన్ని వెతికి పట్టుకోవడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. నిన్న సాయంత్రం తీసుకొచ్చింది. ఇవాళ పుస్తకం మాయం.

"బయటికి ఎన్నింటికి వెళ్ళారు?" అని అడిగింది.

"ఫోనొచ్చింది గదమ్మా. నారాయణగూడ చౌరస్తాకు పోయిన."

"ఎక్కడికని తరవాత అడుగుతాను. ఎన్నింటికి?"

"ఎండ గీ మెట్టు మీద పడ్డది. గప్పుడు."

త్రిపుర పళ్ళు నూరుకోకుండా ఆయన చేతిలోని బటన్ల ఫోను తీసుకుంది. ఫోను వచ్చింది తొమ్మిదీ నలభై రెండుకు. "ఏమన్నాడు?"

"మా ఇంటోళ్ళ పేర్లు గూడ రాసుకోవాలె పటమయ్యా, చౌరస్తాల నిలబడు, బండి తెస్త అన్నడు. పోయి నిలబడ్డ. ఎవ్వరు రాలే. మల్లొచ్చిన."

"వచ్చేసరికి ఎన్నయింది? ఎండ సంగతి చెప్పకండి."

"కింద రామక్కను అడిగిన. పదీ యాభై అన్నది."

"గొంతు గుర్తుపట్టారా?"

"లేదమ్మా. కానీ మన దిక్కోడే. పటమయ్యా అని పిలిచిండు. పట్నపోళ్ళు గట్ల పిలువరు."

త్రిపుర ఆ నంబరుకు తన ఫోనునుంచి చేసింది. ఉప్పల్ బస్టాపులో జామకాయలు అమ్మే అతను ఎత్తాడు. ఎవరో పెద్దమనిషి తన ఫోన్‌లో చార్జింగ్ లేదని అడిగితే ఇచ్చానని చెప్పాడు.

"చూడటానికి ఎలా ఉన్నాడు?"

"ఎట్లుంటడు మేడం, మనిషి లెక్కనే ఉన్నడు."

"పొడుగ్గానా, పొట్టిగానా? ఏ బస్సు దిగాడు?"

"వరంగల్ బస్సు దిగిండు. నడీడు మనిషి. మంచిగనే మాట్లాడిండు." ఎవరో జామకాయల ధర అడుగుతున్నారు, అతను ఫోను పెట్టేశాడు.

తొమ్మిదీ నలభై రెండుకు ఉప్పల్లో ఉన్నవాడు సిటీ బస్సో ఆటోనో పట్టుకుంటే పదీ ఇరవైకి ఇక్కడుంటాడు. పదీ యాభైకి ముసలాయన తిరిగొచ్చాడు. అరగంటలో పని కానిచ్చాడు. పుస్తకం మాత్రమే తీశాడు, పటం జోలికి పోలేదు. ఏం కావాలో తెలిసి వచ్చినవాడు. అంతవరకూ బాగానే ఉంది. దీంతో రేపు పదకొండింటికి ఏం చేసుకోవాలో మాత్రం త్రిపురకు తోచలేదు.

ఆమె గదంతా కలియజూసింది. పదడుగుల గది. ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీ కింద బకెట్. బకెట్ ఎండిపోయి ఉంది. పొద్దుటి నుంచి మోటారు కాలిపోయి నీళ్ళు రావడంలేదు. అయినా పెట్టె ముందు చాపంత మేర నేల మీద నీళ్ళు చల్లి తుడిచినట్టు ఉంది. గచ్చు మీద దుమ్ములో అంచు స్పష్టంగా కనిపిస్తోంది. మంచం కింద ఖాళీ నీళ్ళ సీసా దొర్లి ఉంది. దాని పక్కన స్టీలు కంచం. కంచం మధ్యలో నల్లగా మసి.

త్రిపుర వేలితో మసి తీసి వాసన చూసింది. కర్పూరం.

"ఇది మీ కంచమేనా?"

"నాదే. రాత్రి అన్నం తిన్న అండ్ల."

"పొద్దున్నే మీరు హారతి ఇచ్చారా?"

మొగిలయ్య మొహం మాడిపోయింది. "తానం చెయ్యంది హారతి ఎట్లిస్తనమ్మా. అదీ ఎంగిలి కంచంలనా."

"పుస్తకం తెరవాలంటే పద్ధతేమైనా ఉందా?"

"ఉన్నది. ఊకె తెరవరాదు. చెప్పులిడవాలె. జాగ కడగాలె. కర్పూరం ముట్టించి దండం పెట్టినంకనే మూట ఇప్పాలె. లేకుంటే ఆ ఇంట్ల దీపం నిలువదంటరు. మేము గాదు, ఇంటోళ్ళే చెయ్యాలె. మేము చదువుతం, గంతే."

ఆ మాటకు త్రిపుర మళ్ళీ కంచం వంక చూసింది. ఆలోచన ఇంకా పూర్తిగా రూపు కట్టకముందే మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఆ టకటక ఎవరిదో ఆమెకు చూడకుండానే తెలుసు. ఫణికిరణ్.

అతను మూడేళ్ళ కిందటి దాకా త్రిపుర దగ్గర పనిచేశాడు. పని నేర్చుకున్నాడు, ఆమె క్లయింట్ల నంబర్లు నేర్చుకున్నాడు, నారాయణగూడలో సొంత ఏజెన్సీ పెట్టుకున్నాడు. ఇప్పుడు ఫిర్యాదుదారు తరఫున పనిచేస్తున్నాడు. భాగ్యశ్రీకి దక్కకపోతే ఆ ఉద్యోగం ఎవరికి వస్తుందో, ఆ జాబితాలోని తరవాతి అభ్యర్థి తరఫున అన్నమాట.

"పుస్తకం పోయిందటగా మేడం" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"నీకెవరు చెప్పారు?"

"మొగిలయ్యగారే, ఫోన్లో. నిన్న వచ్చి నా కార్డు ఇచ్చి వెళ్ళాను కదా. పుస్తకం ఫొటోలు తీసుకుంటానన్నాను, ఆయన తీయనివ్వలేదు."

త్రిపుర ముసలాయన వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. కంగారులో కార్డు మీద నంబరు చూసి ఫణికిరణ్‌కే మొదట చేశాడట. ఈ కేసులో ఇంకేం మిగిలిందో ఆమెకు అర్థం కాలేదు.

"పదింటి నుంచి పదకొండు దాకా ఎక్కడున్నావు ఫణీ?"

"నా ఆఫీసులో."

"నారాయణగూడ చౌరస్తాకు ఎదురుగా. ముసలాయన్ని రమ్మన్నది కూడా అక్కడికే. ఎంత కలిసొచ్చిందో."

"కలిసొచ్చే ఉంటుంది. ఎండలో నిలబడి ఉంటే నేనే దిగి వెళ్ళి పలకరించాను. అడగండి ఆయన్ని."

"అవునమ్మా" అన్నాడు మొగిలయ్య. "ఈ సారు చాయ్ తాగిపిచ్చిండు. జరసేపు కూసోబెట్టుకున్నడు గూడ."

త్రిపుర మనసులో కట్టుకున్న కేసు అంతటితో కూలిపోయింది. దొంగ అని వేలు పెట్టి చూపిద్దామంటే, పోగొట్టుకున్నవాడే అతని తరఫున సాక్ష్యం చెప్పాడు. అదీ ఒక కప్పు టీకి.

ఫణికిరణ్ లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు. "నాకు ఆ పుస్తకంతో పనిలేదు మేడం. నలభై మూడు రకాల స్పెల్లింగులు కంప్యూటర్లో సరిపోల్చాను. జల్వేరు నర్సయ్య, చిలువేరు భాగ్యశ్రీ ఒకే కుటుంబం అయ్యే అవకాశం పద్దెనిమిది శాతం. రిపోర్టు ఇచ్చేశాను."

"మీ నాన్నగారి పేరు నీ పాస్‌పోర్టులో ఒకలా, నీ డిగ్రీలో ఒకలా ఉంటే దిద్దించుకోవడానికి నా చుట్టూ తిరిగావు. గుర్తుందా? ఆ అఫిడవిట్ రాసింది నేనే. నువ్వు మీ నాన్న కొడుకువయ్యే అవకాశం ఎంత శాతమో కూడా చూసుకున్నావా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. కానీ నవ్వు మాత్రం చెదరలేదు. "ఒక మాట అడుగుతాను. కోపం తెచ్చుకోకండి. నిన్న రాత్రి మీరే పుస్తకం చూసి, అది మీకు పనికిరాదని తెలిసి దాచేశారేమో? పోయిందంటే వాయిదా అయినా దొరుకుతుంది."

"బయటికి నడు."

"నేననడం కాదు, రేపు అక్కడ అందరూ అనేది ఇదే. నేను కాబట్టి ముందే చెప్పాను." అతను లేచాడు. గుమ్మం దగ్గర ఆగి మసి పట్టిన కంచం వంక చూశాడు. "ముసలాయనతో పూజలు కూడా చేయిస్తున్నారు. బాగుంది."

అతను వెళ్ళాక త్రిపుర ఆ కంచాన్ని చేతిలోకి తీసుకుంది. మంచివాడూ చెడ్డవాడూ అన్నది అటుంచి, ఫణికిరణ్ ఆ కంచాన్ని చూసి కూడా దాటిపోయాడు. ఎందుకంటే దొంగ కర్పూరం వెలిగిస్తాడని వాడి కంప్యూటర్‌కు తెలీదు. డబ్బు తీసుకుని వచ్చినవాడైతే మూట చంకన పెట్టుకుని దిగిపోతాడు. వచ్చినవాడు నీళ్ళు లేని గదిలో నీళ్ళు చల్లి తుడిచాడు. హారతి పళ్ళెం ఎక్కడుందో తెలియక, వెతికే తీరిక లేక, అన్నం కంచంలోనే కర్పూరం ముట్టించాడు. తన ఇంట్లో దీపం ఆరిపోతుందని భయపడ్డాడు. అంటే ఆ పుస్తకంలో వాడి ఇల్లు ఉంది.

కిందికి దిగి రామక్కను అడిగింది. రామక్క చక్కెర పొట్లం కడుతూనే సమాధానం చెప్పింది.

"పదీ ఇరవై అయితుండె. ఒకాయన వచ్చి కర్పూరం బిళ్ళలు, అగ్గిపెట్టె, నీళ్ళ సీసా కొన్నడు. పైకి పోయిండు."

"నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"మీరడగలే గద మేడం. ముసలాయన చుట్టమనుకున్న. దొంగతనానికి పోయేటోడు చెప్పులిడిసి పోతడా? నాకే అప్పజెప్పిండు. జర చూస్తుండక్కా, కుక్కలు ఎత్తుకపోతయి అన్నడు."

"చెప్పులు ఏవీ?"

రామక్క గోనెసంచి వెనక నుంచి తీసింది. బొటనవేలి దగ్గర కుట్లు వేయించిన పాత తోలు చెప్పులు. "మల్లా రాలే. ఎనక ఇనుప మెట్లున్నయి గద, ముసలాయన ముందు నుంచి వస్తుంటే గట్ల దిగిపోయిండేమో."

లోకంలో ఎందరో దొంగలుంటారు. చెప్పులకు కాపలా పెట్టి దొంగతనానికి వెళ్ళినవాడు మాత్రం వీడొక్కడే అయ్యుంటాడు. మామూలు రోజైతే త్రిపుర నవ్వేది. ఇప్పుడు ఆమె అక్కడే బియ్యం బస్తా మీద కూర్చుని భాగ్యశ్రీకి ఫోను చేసింది.

"మొగిలయ్యగారు ఎక్కడ దిగారో ఎవరికైనా చెప్పావా?"

"ఎవ్వరికి చెప్పలే మేడం. మా బాపుకు తప్ప." తరవాత కంగారుగా, "ఏమైంది మేడం?"

"ఏం కాలేదు. మీ నాన్న ఎప్పుడొస్తున్నారు?"

"మూడింటికి వస్తనన్నడు. రేపు నాతోని వస్తడట."

ఆమె పుస్తకం సంగతి చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

మధ్యాహ్నం మూడూ నలభైకి అశోక్‌నగర్‌లో హాస్టల్ ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద శ్రీశైలం ఒక్కడే కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. పక్కన గుడ్డ సంచి, దాని మీద చెయ్యి. కూతురు గ్రూప్స్ పరీక్షల క్లాసుకు వెళ్ళిందని, ఐదింటికి వస్తుందని చెప్పాడు. కాళ్ళకు కొత్త చెప్పులు. ఎడమ చెప్పు అంచున షాపువాడి ధర చీటీ ఇంకా ఊడలేదు.

త్రిపుర పక్కన కూర్చుంది. తిప్పి తిప్పి అడిగే ఓపిక ఆమెకు లేదు.

"మీ పాత చెప్పులు రామక్క దగ్గర భద్రంగా ఉన్నాయి శ్రీశైలంగారూ. కుక్కలేం ఎత్తుకుపోలేదు."

అతను ఆమె వంక చూడలేదు. టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. బుకాయిస్తాడనుకుంది. అతను సంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"కాల్చేద్దామని తెచ్చిన మేడం. మూసీ ఒడ్డుకు గూడ పోయిన. చేతులు రాలే."

ఎర్ర గుడ్డ మూట చెక్కుచెదరకుండా ఉంది. త్రిపురకు గుండె మీంచి బండ దించినట్టయింది. ఆ క్షణంలో ఆమెకు గుర్తొచ్చింది మెతుకు ముట్టకుండా కూర్చున్న ముసలాయనే. వెంటనే ఫోను తీసింది. "దొరికింది మొగిలయ్యగారూ. నా చేతిలోనే ఉంది. ముందు అన్నం తినండి" అని చెప్పింది. అవతల ఆయన ఏడుస్తున్నాడు. ఈ మూడు వారాల్లో తను చేసిన మంచి పని ఇదొక్కటే అనిపించింది.

తరవాత శ్రీశైలం వైపు తిరిగింది. ఇప్పుడు ఉన్న కోపమంతా బయటికి వచ్చింది. "మీ కూతురు ఉద్యోగం కోసం నేను ఇరవై మూడు రోజులు ఊళ్ళు పట్టుకు తిరిగాను. దాన్ని నిలబెట్టే సాక్ష్యం ఇదొక్కటే. కన్నతండ్రివి నువ్వే కాలుస్తావా? ఎవరు చెప్పారు నీకు కాల్చమని? ఎంతకు ఒప్పుకున్నావు?"

"కన్నతండ్రిని కాదు మేడం."

రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. త్రిపుర మూట ముడి మీద చెయ్యి వేసింది.

"చదువుండ్రి" అన్నాడు శ్రీశైలం. "నడిమిట్ల ఉంటది. నేను చెప్పులిడిసి, కర్పూరం ముట్టించే చూసిన. మీరు చూస్తే తప్పు లేదు."

ఆమె కూడా చెప్పులు వదిలింది. ఎందుకు వదిలిందో ఆమెకే తెలీదు. మూట విప్పి పేజీలు తిప్పింది. చిలువేరు వారి ఇల్లు. కింద నర్సయ్య. అతని కొడుకు శ్రీశైలం, కోడలు స్వరూప. వారి కూతురు భాగ్యశ్రీ, పుట్టిన ఏడాది, నెల, తేదీ. బడి సర్టిఫికెట్లో ఉన్న తేదీయే. మూడు తరాలు ఒక్క పేజీలో, ఒక్క ఇంటిపేరు కింద. ఇన్నాళ్ళూ ఆమె వెతికింది సరిగ్గా ఇదే. గట్టిగా ఊపిరి పీల్చుకోబోయింది.

దాని కిందే, అదే చేతిరాతలో ఇంకో వాక్యం ఉంది. భివండిలో. మూడో ఏట జ్వరం తగిలి పోయింది.

"అది రాసింది మొగిలయ్య వాళ్ళన్న. ఆయన గిప్పుడు లేడు" అన్నాడు శ్రీశైలం. "భివండిల మరమగ్గాల మీద పనిచేస్తుంటిమి. మా బిడ్డ పోయిన పదో దినం పటం చెప్పనీకి వచ్చిండు, రాసుకున్నడు. మా స్వరూపకు మతి నిలువలేదు. ఉయ్యాల ఇప్పనియ్యలే. గా నెలల్నే మా పక్క ఖోలీ కూలింది, ఒక్క రూము ఇల్లు. అండ్ల ఆలుమగలు పోయిండ్రు. పిల్ల బతికింది. మా బిడ్డ ఈడుదే. మా స్వరూప ఎత్తుకున్నది, మల్లా దింపలే. భాగ్యమ్మా అని పిల్చింది. నేను వద్దనలేకపోయిన. గా ఎండకాలమే వచ్చి జనగామ దిక్కు ఉన్నం, మా ఊరికి పోలే. బడిల ఏం రాపియ్యాలె? ఉన్న కాగితమే ఇచ్చిన."

"భాగ్యశ్రీకి తెలుసా?"

"తెల్వదు. తల్లి పోయేటప్పుడు గూడ చెప్పలే. చెప్తనని నాతోని ఒట్టు పెట్టించుకున్నది. బిడ్డను తెచ్చుకొని ఇరవై ఏళ్ళు దాటె, రేపు చెప్త రేపు చెప్త అనుకుంట." అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పుస్తకం పోతే నౌకరి పోతదని నాకెర్క మేడం. పుస్తకం ఉంటే బిడ్డనే పోతది. గా నలుగురు ఆఫీసర్ల ముందట, ముసలాయన నోటితోని ఇంటదా నువ్వు సచ్చిపోయినవని?"

త్రిపురకు అతని మీద కోపం నిలవలేదు. నిలిస్తే బాగుండుననిపించింది. ఎవరి మీదైనా కోపం పెట్టుకోగలిగితే ఏం చేయాలో తోచేది. ఇన్నేళ్ళ వృత్తిలో నిజం దాచి గెలిచింది లేదు. నిజం చెబితే ఈ పిల్ల ఓడిపోతుంది, ఉద్యోగం ఒక్కటే కాదు. మొగిలయ్యను వెతకొద్దని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆమె తెలివితేటలే ఆయన్ని ఇంటి దాకా నడిపించుకొచ్చాయి.

"వాళ్ళ ఇంటిపేరు ఏంటి?" అని అడిగింది చివరికి. "ఆ పక్కింటివాళ్ళది."

"యాదగిరి అనేటోళ్ళం మేడం. ఆమెను రాములమ్మ అనేటోళ్ళం." శ్రీశైలం తల అడ్డంగా ఊపాడు. "ఇంటిపేరు ఎవ్వరడిగిండ్రు. అందరం మగ్గాలోళ్ళమే."

ఒక ఇంటిపేరును నాలుగు రకాలుగా పట్టుకుని మూడు వారాలు తిరిగింది. ఆ పిల్ల అసలు ఇంటిపేరు ఒక్క రకంగా కూడా ఏ కాగితం మీదా లేదు. అది తెలిసినవాళ్ళిద్దరూ భివండిలో గోడ కింద పోయారు. త్రిపురకు కళ్ళు చెమర్చాయి. ఆ పేజీలో వేలు పెట్టి అలాగే కూర్చుంది.

ఫోను మోగింది. భాగ్యశ్రీ. టైము నాలుగూ నలభై ఎనిమిది.

"మేడం, మొగిలయ్య తాత ఫోన్ చేసిండు. పుస్తకం పోయిందని నాకు చెప్పనే లేదు మీరు. దొరికిందట గదా." పిల్ల గొంతులో సంతోషం దాగడం లేదు. "క్లాసుకు పోలే మేడం, సక్కగ విచారణ ఆఫీసుకే వచ్చిన. రేపు పుస్తకం తెస్తున్నమని రాసిచ్చిన. సంతకం గూడ పెట్టిన. సారు మంచిగ మాట్లాడిండు."

"రాసిచ్చేశావా?"

"ఆఁ మేడం, తీసుకున్నరు. గింతే, ఒక గడి ఖాళీగ ఉన్నది. ఐదింటికి మూసేస్తరట, జల్ది నింపమంటున్నరు."

పక్కన శ్రీశైలం త్రిపుర మొహంలోకి చూస్తున్నాడు. ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"ఏ గడి?"

"నా పేరు ఏ పేజీల ఉన్నదో నంబరు రాయాలట" అంది భాగ్యశ్రీ. "చెప్పుండ్రి మేడం, పెన్ను పట్టుకున్న."